సిగ్నల్ లేని ఏజెన్సీ దారుల్లో ఏ మ్యాప్ యాప్ పెట్టుకోవాలి?

విజయనగరంలో ఉంటూ మోటార్లు, పంపుసెట్లు రిపేరు చేసే పని మీద బండి మీద కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట, పాతపట్నం తిరుగుతానని రాశారు. కొండ దారి ఎక్కగానే సిగ్నల్ పోయి మ్యాప్ ఆగిపోతోందని, నెట్ లేకుండా నడిచే ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి వాడుకోగల) యాప్ ఏదని, దాన్ని నమ్మొచ్చా, తెలుగులో దారి చెబుతుందా, పాత ఫోన్‌లో పడుతుందా అని అడిగారు. పైన ఒకరు "ఏదో ఒకటి వేసుకోండి, అన్నీ ఒకటే" అన్నారు. అన్నీ ఒకటే కావు. కానీ ఆ మాటలో సగం నిజం ఉంది, అదేంటో చెప్తాను.

ముందు సమాధానం చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో వెళ్లిపోవచ్చు. రోజూ వాడుకోవడానికి ఆర్గానిక్ మ్యాప్స్ గానీ కోమ్యాప్స్ గానీ ఏదో ఒకటి పెట్టుకోండి. స్టోరేజి సరిపోతే దాని పక్కన ఓస్మాండ్ కూడా ఉంచుకోండి. మ్యాప్ దించుకునేటప్పుడు ఆంధ్రప్రదేశ్‌తో ఆగకుండా ఒడిశా కూడా దించుకోండి. మన వైపు వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ ఒడిశా దగ్గరే.

చాలామందికి ఉన్న అనుమానం ఇంకోటి ఉంది, అదేమంటే నెట్ లేకపోతే జీపీఎస్ కూడా పనిచేయదని. పనిచేస్తుంది. ఫోన్ ఉపగ్రహాలకు ఏమీ పంపదు, అవి పంపే సిగ్నల్ విని, కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే తాను ఎక్కడుందో లెక్క కట్టుకుంటుంది, అంతే. దీనికి సిమ్ కూడా అక్కర్లేదు. నెట్ చేసే సాయం ముఖ్యంగా ఒకటే, ఏ ఉపగ్రహం ఇప్పుడు ఎక్కడుందన్న సమాచారం టక్కున తెచ్చిపెడుతుంది. నెట్ లేకుంటే ఆ సమాచారాన్ని ఫోన్ ఉపగ్రహం నుంచే నెమ్మదిగా వినాలి. అందుకే చాలాసేపు ఆఫ్ చేసి ఉన్న ఫోన్ తీసి నేరుగా కొండల మధ్య ఆన్ చేస్తే నీలం చుక్క రావడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఫోన్ పాడైందని కంగారు పడకండి, చెట్ల నీడలోంచి బయటికొచ్చి ఆకాశం కనిపించే చోట కాసేపు నిలబడండి. ఇంకా మంచి పద్ధతేంటంటే, పార్వతీపురంలో టీ తాగేటప్పుడే, సిగ్నల్ ఉండగానే, యాప్ తెరిచి చుక్క పడనివ్వండి, ఆ తర్వాత దారిలో అది సాధారణంగా వదలదు. మీ ఫోన్‌కి ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయో చూడాలని సరదా ఉంటే జీపీఎస్‌టెస్ట్ అని ఒక ఓపెన్ సోర్స్ యాప్ ఉంది, అందులో అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా, యూరప్, చైనా ఉపగ్రహాలు కూడా కనిపిస్తాయి, ఫోన్‌లో ఆ చిప్ ఉంటే మన నావిక్ కూడా కనిపిస్తుంది.

ఇక "అన్నీ ఒకటే" అన్న మాట సగం నిజమని ఎందుకన్నానంటే, నేను చెప్పిన మూడు యాప్‌లలోనూ ఉండే మ్యాప్ ఒకటే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండ్‌లో మొదలైంది, ఎవరైనా ఖాతా తెరిచి రోడ్డు, బడి, బావి గీయొచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. యాప్ మార్చినంత మాత్రాన లేని రోడ్డు రాదు. ఒక ఊరికి దారి ఆర్గానిక్ మ్యాప్స్‌లో లేకపోతే ఓస్మాండ్‌లోనూ ఉండదు, ఉన్నా మ్యాప్ ఫైలు కొత్తదో పాతదో అన్న తేడా వల్లే. కాబట్టి నమ్మొచ్చా అన్న మీ ప్రశ్న యాప్ గురించి కంటే ఈ మ్యాప్ గురించి అడగాలి. మన దగ్గర దాని పరిస్థితి ఇలా ఉంటుంది.

ఇచ్ఛాపురం నుంచి టెక్కలి, శ్రీకాకుళం మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్లే 26వ నంబరు రోడ్డు, మండల కేంద్రాలను కలిపే రోడ్లు బాగా ఉన్నాయి, వాటిని కళ్లు మూసుకుని నమ్మొచ్చు (కళ్లు తెరిచే బండి నడపండి). శ్రీకాకుళం, విజయనగరం టౌన్లలో వీధులు ఉంటాయి, డోర్ నంబర్లు మాత్రం ఆశించకండి. అసలు కథ మండల కేంద్రం దాటాక మొదలవుతుంది. చాలా గూడేలు మ్యాప్‌లో పేరున్న ఒక చుక్క మాత్రమే, చివరి రెండు మూడు కిలోమీటర్ల దారి గీసి ఉండదు. అప్పుడు యాప్ ఏం చేస్తుందంటే, దగ్గర్లో గీసి ఉన్న రోడ్డు దాకా మిమ్మల్ని తీసుకెళ్లి "గమ్యం చేరారు" అంటుంది, ఊరు చూస్తే గెడ్డ (వాగు) అవతల ఉంటుంది. ఇది యాప్ తప్పు కాదు, అవతలి దారి ఎవరూ గీయలేదు. దీనికి విరుగుడు బయల్దేరే ముందే ఉంది. దారి లెక్క కట్టించాక చివరి భాగం పెద్దది చేసి చూడండి, నీలం గీత ఊరి చుక్కకి దూరంగా తెగిపోయి ఉంటే ఆ చివరి ముక్క నోటితో అడిగి వెళ్లాల్సిందే.

గెడ్డ అన్నాను కాబట్టి వానాకాలం సంగతి కూడా. నాగావళి, వంశధారల్లో కలిసే గెడ్డల మీద చాలా చోట్ల వంతెన ఉండదు, నీళ్లు పైనుంచి పారే కాజ్‌వే ఉంటుంది. మ్యాప్‌లో అది మామూలు రోడ్డులాగే గీసి ఉండొచ్చు, ఆఫ్‌లైన్ యాప్‌కి నిన్న రాత్రి కొండ మీద ఎంత వాన పడిందో తెలియదు. ఆగస్టులో యాప్ చూపించింది కదా అని కాజ్‌వేలోకి బండి దింపకండి. ఓస్మాండ్‌లో ఈ ఇబ్బందికి మంచి ఉపాయం ఉంది, ఫలానా రోడ్డు వద్దు అని మ్యాప్ మీద వేలు పెట్టి చూపిస్తే దాన్ని తప్పించి వేరే దారి కట్టిస్తుంది. ఆర్గానిక్ మ్యాప్స్‌లో ఆ ఒక్క రోడ్డునే తప్పించే వీలు లేదు, మట్టి రోడ్లు వద్దు, టోల్ రోడ్లు వద్దు అని మొత్తంగా చెప్పడమే. బైక్‌కి మడపాం దగ్గర టోల్ కట్టక్కర్లేదు కాబట్టి ఆ టోల్ ఆప్షన్ ముట్టుకోకండి, ముట్టుకుంటే హైవే వదిలేసి ఊళ్లలోంచి తిప్పుతుంది.

ఇక ఒడిశా. ఈ యాప్‌లన్నీ మ్యాప్‌ని రాష్ట్రాల వారీగా ముక్కలు చేసి ఇస్తాయి. మనకేమో పాతపట్నం దాటగానే పర్లాకిమిడి, బత్తిలి దాటితే గుణుపూర్ వైపు, ఇచ్ఛాపురం దాటితే బరంపురం వైపు. మనుషులకి ఆ గీత పట్టదు, సంతకీ ఆసుపత్రికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు, దగ్గరి దారి కూడా చాలాసార్లు అటువైపు నుంచే ఉంటుంది. ఒడిశా ఫైలు ఫోన్‌లో లేకపోతే యాప్ ఆ దారి ఉందని గుర్తించదు, పెద్ద చుట్టు తిప్పుతుంది, లేదా ఇంకో మ్యాప్ దించుకోమని అడుగుతుంది, అదీ సిగ్నల్ లేని చోట అడుగుతుంది. అందుకే ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించి పెట్టుకోమన్నాను. నొక్కే ముందే సైజు కనిపిస్తుంది, స్టోరేజి తక్కువైతే తెలంగాణ లాంటి మిగతా రాష్ట్రాల ముక్కల జోలికి పోకండి, ఫోన్‌లో మెమరీ కార్డు ఉంటే మ్యాప్‌లు దాంట్లో పెట్టే సెట్టింగ్ కూడా ఉంది.

ఊరి పేరుతో వెతకడం ఇంకో తలనొప్పి. మన వైపు వలసలు, పేటలు, పురాలు ఎన్నున్నాయో మీకు చెప్పాలా? కొత్తవలస అని కొడితే రైల్వే జంక్షన్ ఉన్న కొత్తవలస ముందు వస్తుంది, మీ కస్టమర్ కొత్తవలస వేరే మండలంలో ఎక్కడో ఉంటుంది. జిల్లా పేరు చూసి తేల్చుకుందామంటే 2022 ఏప్రిల్‌లో సీతంపేట, పాలకొండ, భామిని శ్రీకాకుళం నుంచి, కురుపాం, సాలూరు విజయనగరం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి, మనుషుల నోట్లో ఇంకా పాత జిల్లానే. స్పెల్లింగ్ సంగతి సరేసరి, సీతంపేటని ఇంగ్లీషులో రకరకాలుగా రాస్తారు, ఆర్గానిక్ మ్యాప్స్ అక్షరం అటూ ఇటైనా సర్దుకుంటుంది, ఓస్మాండ్ కొంచెం పట్టుదల మనిషి. కాబట్టి పేరు వెతకడం మానేసి కస్టమర్‌ని వాట్సాప్‌లో లొకేషన్ పంపమనండి, సిగ్నల్ ఉన్నప్పుడే దాన్ని తెరిచి ఆఫ్‌లైన్ యాప్‌లో బుక్‌మార్క్ చేసుకోండి. ఆ చోటు అంకెలు (అక్షాంశం, రేఖాంశం) పంపితే ఇంకా మంచిది, సెర్చ్ పెట్టెలో అంకెలు అతికిస్తే మూడు యాప్‌లూ ఆ చోటు చూపిస్తాయి. మన జిల్లాల్లో మొదటి అంకె దాదాపు 18, రెండోది 83 లేదా 84తో మొదలవుతుంది, శ్రీకాకుళం అయితే 18.30, 83.90 దగ్గర. ఎవరైనా ఈ రెండూ తారుమారు చేసి పంపితే మీ పంపుసెట్టు ఉత్తర ధ్రువం దగ్గర సముద్రంలో తేలుతుంది. చుక్క తర్వాత అయిదు అంకెలు ఉంటే మీటరు తేడాలో చోటు దొరికినట్టే, రెండే ఉంటే కిలోమీటరు అటూ ఇటూ.

యాప్‌ల తేడాలకి వస్తాను. ఆర్గానిక్ మ్యాప్స్ తేలిక, పాత ఫోన్‌లో కూడా చకచకా కదులుతుంది, దారి వెంటనే కడుతుంది, ప్రకటనలు లేవు, ఖాతా అడగదు. లోపం ఏమిటంటే బైక్ అని వేరే ఏమీ లేదు, కారు, సైకిల్, నడక లాంటివే, మీరు కారు పెట్టుకోవాలి, దానివల్ల బండి పోయే సన్న దారులు కొన్ని వదిలేస్తుంది. నడక పెడితే కాలిబాట కూడా చూపిస్తుంది, అది కొండ ఎక్కే మెట్లదారి కావచ్చు, జాగ్రత్త. ఓస్మాండ్‌లో మోటార్‌సైకిల్, మోపెడ్, లారీ అన్నిటికీ వేరే ప్రొఫైల్ ఉంది, లారీకి ఎత్తు, బరువు కూడా ఇవ్వొచ్చు. కొండ ఎత్తుల గీతలు, నీడలు, వెళ్లిన దారి రికార్డు చేయడం, అన్నీ ఉన్నాయి, అందుకే మెనూలు చూస్తే కళ్లు తిరుగుతాయి, పాత ఫోన్‌లో నెమ్మది కూడా. ప్లే స్టోర్‌లో ఉచితంగా వచ్చే ఓస్మాండ్‌లో ఏడు మ్యాప్ డౌన్‌లోడ్‌ల పరిమితి ఉంది, ఆ తర్వాత డబ్బులు. మ్యాప్ అప్‌డేట్ చేసినా ఆ ఏడులో లెక్కే కాబట్టి నెలనెలా చేసుకుంటే తొందరగా అయిపోతాయి. ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ నుంచి దించుకుంటే ఆ పరిమితి ఉండదు, అదే యాప్, అదే కోడ్. స్తోమత ఉంటే డబ్బులిచ్చి కొనడంలో తప్పు లేదు, దాన్ని తయారుచేసేవాళ్లూ బతకాలి.

సైకిల్ మీద తిరిగే కుర్రాళ్లు ఎవరైనా చదువుతుంటే బీరౌటర్ అనే యాప్ చూడండి. అది ఓస్మాండ్‌తో కలిసి పనిచేస్తుంది, ఎత్తుపల్లాలు లెక్క వేసి దారి కడుతుంది. దాని డేటా అయిదు డిగ్రీల గళ్లుగా ఉంటుంది, మన ఉత్తరాంధ్ర మొత్తం E80_N15 అన్న ఒక్క గడిలోనే వచ్చేస్తుంది, అది ఒక్కటి దించుకుంటే చాలు.

గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఆఫ్‌లైన్ ఉంది కదా, ఇదంతా ఎందుకు అని మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. ఉంది, పట్నాల మధ్య కారులో వెళ్లేవాళ్లకి బాగానే ఉంటుంది, దుకాణాల పేర్లలో దాన్ని కొట్టేది లేదు. కానీ ఆఫ్‌లైన్‌లో అది కారు దారి మాత్రమే ఇస్తుంది, నడక, సైకిల్ దారులు ఇవ్వదు, దించిన ముక్క అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే గడువు తీరి పోతుంది. ఓపెన్ సోర్స్ యాప్‌లో దించిన ఫైలు మీరు తీసేసేదాకా మీదే. నా ఫోన్‌లో రెండూ ఉన్నాయి, మీరూ రెండూ ఉంచుకోండి, ఇందులో పార్టీలు కట్టాల్సిన పనేం లేదు.

నమ్మకం గురించి ఇంకో కోణం. ఓపెన్ సోర్స్ అంటే ఉచితం అని మనవాళ్లు అనుకుంటారు, దాని అసలు లాభం వేరే. మ్యాప్స్.మీ అని ఒక యాప్ ఉంది, ఒకప్పుడు చాలామంది వాడేవాళ్లు. 2014లో దాన్ని రష్యా కంపెనీ మెయిల్.రు కొనేసింది, 2015లో కోడ్ అందరికీ తెరిచారు, 2020లో మళ్లీ చేతులు మారింది. కొత్త యజమానుల దారి నచ్చని పాత డెవలపర్లు ఆ తెరిచిన కోడ్ తీసుకుని ఆర్గానిక్ మ్యాప్స్ మొదలుపెట్టారు. 2025లో ఆర్గానిక్ మ్యాప్స్ నిర్వహణ పారదర్శకంగా లేదని అందులో పనిచేసే కొందరు గొడవపడి అదే కోడ్‌తో కోమ్యాప్స్ పెట్టుకున్నారు. అన్నదమ్ములు విడిపోయి పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్నట్టు, లోపల గదులన్నీ ఒకేలా ఉంటాయి. వాడేవాడికి దీని అర్థం ఏమిటంటే, కంపెనీ అమ్ముడుపోయినా, మనసు మార్చుకున్నా, యాప్ చచ్చిపోదు, ఇంకెవరో ఎత్తుకుంటారు. రెండిట్లో ఏది అంటే, మీ ఫోన్‌లో ఏది హాయిగా నడిస్తే అది.

తెలుగు సంగతి. మలుపులు చెప్పే గొంతు యాప్‌ది కాదు, ఫోన్‌లోని టెక్స్ట్-టు-స్పీచ్‌ది (రాసింది చదివి వినిపించే సదుపాయం). గూగుల్ స్పీచ్‌లో తెలుగు గొంతు ఉంది, దాన్ని ముందే ఆఫ్‌లైన్‌కి దించుకోవాలి, లేకపోతే సిగ్నల్ పోగానే మూగబోతుంది. యాప్ సెట్టింగ్స్‌లో వాయిస్ భాషల జాబితా తెరిచి చూడండి, తెలుగు ఉంటే పెట్టండి, లేకపోతే ఇంగ్లీషే. ఇంగ్లీషు గొంతు గుమ్మలక్ష్మీపురాన్ని పలికే తీరు విన్నాక మీకు నవ్వు ఆగదు, కానీ బైక్ మీద కావాల్సింది ఎడమా కుడా అన్నదే కదా. మ్యాప్ మీద అక్షరాల సంగతి వేరు, ఎవరైనా ఆ ఊరికి తెలుగు పేరు చేర్చి ఉంటే తెలుగులో కనిపిస్తుంది, లేకపోతే ఇంగ్లీషులో, సరిహద్దు అవతల కొన్ని చోట్ల ఒడియాలో. ఓస్మాండ్‌లో మ్యాప్ భాష మార్చే చోటు ఉంది, ఒడియా చదవలేకపోతే ఇంగ్లీషుకి మార్చుకోండి.

బయల్దేరే ముందు ఒక పరీక్ష చేయండి, అన్నీ సరిగ్గా పెట్టుకున్నారో లేదో ఇదొక్కటే చెప్తుంది. ఇంటి దగ్గరే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, లొకేషన్ ఆన్‌లో ఉంచి, పాతపట్నానికో పర్లాకిమిడికో దారి కట్టించండి, గొంతు వస్తోందో వినండి. ఆగిందంటే ఏదో ఫైలు తక్కువుంది, ఇంట్లోనే తెలిసిపోయింది. ఆ తర్వాత బ్యాటరీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈ యాప్‌కి ఆంక్షలు తీసేయండి, చాలా ఫోన్లు స్క్రీన్ ఆరగానే యాప్‌ని చంపేస్తాయి, రికార్డవుతున్న దారి మధ్యలో తెగిపోతుంది. జీపీఎస్, స్క్రీన్ రెండూ కలిపి ఛార్జింగ్ తాగేస్తాయి కాబట్టి పవర్ బ్యాంక్ ఉంచుకోండి. స్క్రీన్ ఆర్పేసి గొంతు మాత్రం వింటూ వెళ్తే చాలా మిగులుతుంది.

మీలాంటివాళ్లు మ్యాప్‌కి చేయగల మేలు ఇంకెవరూ చేయలేరు, అందుకే ఇది కూడా రాస్తున్నాను. రోజూ కొత్త ఊళ్లు తిరుగుతున్నారు, ఓస్మాండ్‌లో గానీ ఓపెన్‌ట్రాక్స్‌లో గానీ దారి రికార్డు ఆన్ చేసి వదిలేయండి. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైట్ తెరిచి, మీ గీత మీద, కింద కనిపించే శాటిలైట్ బొమ్మ మీద ఆ రోడ్డు గీసేయొచ్చు, ఫోన్‌లోనే గీయాలంటే వెస్పూచి ఉంది, అది కొంచెం అలవాటు పడాలి. అంత ఓపిక లేకపోతే స్ట్రీట్‌కంప్లీట్ పెట్టుకోండి. "ఈ రోడ్డు తారా, మట్టా?" లాంటి ప్రశ్నలు అదే అడుగుతుంది, మీరు నొక్కడమే, సిగ్నల్ లేకపోయినా జవాబులు దాచుకుని తర్వాత పంపుతుంది. కొట్లు, ఎరువుల డిపోలు, పెట్రోల్ బంకులు అయితే ఆర్గానిక్ మ్యాప్స్‌లోంచే చేర్చొచ్చు. ఒక్క నియమం గట్టిగా గుర్తుంచుకోండి, గూగుల్ మ్యాప్స్‌లో చూసి ఇక్కడ ఎక్కించకూడదు, అది వాళ్ల కాపీరైట్, అలా ఎక్కించినవి తీసేస్తారు. మీ కంటితో చూసినవి, మీ జీపీఎస్ గీసినవి ఎక్కించండి. మీరు ఈ రోజు గీసింది రేపే యాప్‌లో కనిపించదు, తర్వాతి మ్యాప్ ఫైలు వచ్చేదాకా, అంటే కొన్ని వారాలు ఆగాలి.

ఇది సరదా పని కాదని ఉద్దానం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటాక కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి, కొబ్బరి చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. అలాంటప్పుడు బయటి నుంచి సాయానికి వచ్చేవాళ్ల చేతిలో పనికొచ్చేది ఫోన్‌లో ముందే ఉన్న మ్యాప్, అందులో ముందే గీసి ఉన్న ఊరి దారి. 2010లో హైతీ భూకంపం అప్పుడు, 2015లో నేపాల్ భూకంపం అప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి జనం కూర్చుని శాటిలైట్ బొమ్మలు చూసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రోడ్లు గీశారు. మంచిదే, కానీ బొమ్మలో కొబ్బరి తోటల కింద దారి కనిపించదు, ఊరి పేరు అసలే కనిపించదు. అవి వజ్రపుకొత్తూరులోనో కవిటిలోనో ఉండే మనిషికే తెలుసు.

చివరగా మొబైల్ డేటా ఖర్చు సంగతి. ప్రతివాళ్లూ విడిగా దించుకోవక్కర్లేదు. ఓస్మాండ్ మ్యాప్ అంటే ఓబీఎఫ్ అనే ఫైలు, ఒక ఫోన్‌లో దించితే మెమరీ కార్డులోనో, బ్లూటూత్‌లోనో పక్క ఫోన్‌కి పంపి, అక్కడ దాన్ని ఓస్మాండ్‌తో తెరిస్తే చేరిపోతుంది. మీతో పాటు తిరిగే మెకానిక్‌లు ఎవరైనా ఉంటే ఆంధ్ర, ఒడిశా రెండు ఫైళ్లూ అలా ఎక్కించేయండి. దించడంలో ఎక్కడైనా ఆగితే ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ రాసి అడగండి.